పలెర్మో రాజుగారి చర్చి కప్పు మీద అరబ్బీ రాతలు ఎందుకున్నాయి?

గోదారి_గట్టు
ఆఫీసు పని మీద రోముకి వచ్చి, శని ఆదివారాలు ఖాళీ దొరికితే సిసిలీ దీవిలో పలెర్మో చూద్దామని దిగాను. ఇక్కడ రాజభవనం లోపల ఒక చర్చి ఉంది, కాపెల్లా పలాతీనా అంటారు. గోడల నిండా బంగారు మొజాయిక్, ఏసుక్రీస్తు, గ్రీకు రాతలు. అంతవరకూ సరే. తలెత్తి చూస్తే కప్పంతా చెక్కతో తేనెపట్టులా గదులు గదులుగా చెక్కి ఉంది. దాని మీద అరబ్బీ రాతలు, బాసింపట్టు వేసుక్కూర్చున్న తలపాగా మనుషులు, తాగేవాళ్ళు, వాయించేవాళ్ళు. చర్చిలో!

గైడమ్మ "ఆ రోజుల్లో అందరూ కలిసిమెలిసి ఉండేవారు, క్రైస్తవ రాజు కింద ముస్లిములు హాయిగా బతికారు" అని రెండు ముక్కల్లో తేల్చేసింది. మా గుంపులో ఒకాయన "అదంతా టూరిస్టులకి చెప్పే కథ. గెలిచినవాడు ఓడినవాడి చేత పని చేయించుకున్నాడు, అంతే" అన్నాడు. ఇద్దరిలో ఎవరిది నిజం? ముస్లిం రాజుల కింద మిగతావాళ్ళు ఎలా ఉన్నారన్నది చిన్నప్పట్నించీ వింటూనే ఉన్నాం. తిరగేస్తే ఎలా ఉండేదో నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు.

రాతిబండ
ఆ ఒకాయనదే నిజం. దారం మూసేయొచ్చు.

చార్మినార్_చాయ్
అన్నా ముందు ఫోటోలు పెట్టు. కప్పు కప్పు అంటున్నవ్, కప్పు చూపియ్యకపోతే ఎట్ల?

పాత_కాగితం
రాతిబండ గారూ, మూసేయకండి, ఇప్పుడే మొదలైంది.

సిసిలీ రెండు వందల ఏళ్ళకు పైగా ముస్లిముల చేతిలో ఉంది. అరబ్బులు దిగింది 827లో. ఫ్రాన్స్ ఉత్తరం నుంచి వచ్చిన నార్మన్లు అనే క్రైస్తవ యోధులు 1061లో మొదలుపెట్టి, 1072 జనవరిలో పలెర్మో పట్టుకుని, చివరి ఊరు నోతోని 1091లో తీసుకున్నారు. అంటే ముప్పై ఏళ్ళు పట్టింది. వచ్చిన నార్మన్లు గుప్పెడు మంది. పొలాలు, మగ్గాలు, పద్దులు, అన్నీ ముస్లిముల చేతుల్లో, గ్రీకుల చేతుల్లో ఉన్నాయి. అందర్నీ తరిమేస్తే వాళ్ళు ఏలడానికి మిగిలేది రాళ్ళూ రప్పలే.

అందుకని పాత యంత్రాంగాన్ని ఉన్నది ఉన్నట్టు పెట్టుకున్నారు. 1130లో రాజైన రెండో రోజర్ పన్నుల కచేరీ పేరు దీవాన్. మన ఊళ్ళలో "దివాణం" అనే మాట ఉంది చూడండి, అదే మాట, అటు సిసిలీకీ ఇటు మనకీ వచ్చింది. శాసనాలు అరబ్బీ, గ్రీకు, లాటిన్ మూడింట్లో ఉండేవి. రాజుగారి నౌకాదళం పెద్ద బిరుదు "అమీర్లకు అమీర్". ఆ పదవిలో ఉన్న అంతియోకు జార్జ్ గ్రీకు క్రైస్తవుడు, బిరుదు మాత్రం అరబ్బీ. అడ్మిరల్ అన్న మాట పుట్టింది ఈ "అమీర్" లోంచే. గోదారి గట్టు గారు చూసిన కప్పు కూడా రోజర్ వేయించిందే, 1140ల పని.

ఇక అసలు సంగతి. ముస్లిములు ఈ రాజుకి తలపన్ను కట్టారు. దాని పేరు జిజియా.

లెక్కల_మాస్టారు
ఆగండాగండి. జిజియా ముస్లిములు కట్టారా? క్రైస్తవ రాజుకి? పేరు కూడా మార్చలేదా?

పాత_కాగితం
మార్చలేదు మాస్టారూ. అంతకుముందు అదే దీవిలో ముస్లిం పాలకులకి క్రైస్తవులు కట్టిన పన్ను అది. పళ్ళెం తిరగబడింది, పేరు అలాగే ఉండిపోయింది.

లెక్కల_మాస్టారు
పన్ను వసూలు చేసేవాడికి మతం కంటే ఖాతా ముఖ్యమని ముప్పై ఏళ్ళు రెవెన్యూలో చేసిన మా నాన్నగారు అనేవారు. ఇవాళ నమ్మాను.

నల్లరేగడి
ఊరకే పన్నేనా? రైతుల సంగతి చెప్పండి. రాజుగారి ఆస్థానంలో కవులూ వైద్యులూ ఎప్పుడూ బాగానే ఉంటారు. పొలంలో ఉన్నోడి గతేంది?

పాత_కాగితం
అడగాల్సిన ప్రశ్న అడిగారు. పలెర్మో పక్కన కొండ మీద మోన్రెయాలె అని మఠం ఉంది. రోజర్ తర్వాతి కాలంలో ఏలిన రెండో విలియం రాజు ఆ మఠానికి ఊళ్ళకి ఊళ్ళు దానం చేశాడు. భూమితోపాటు దాని మీద బతికే ముస్లిం రైతుల్ని కూడా పేరుపేరునా జాబితా రాసిచ్చాడు, 1178లో ఒకటి, 1183లో ఒకటి. జరీదా అంటారు. ఫలానా వాడు, ఫలానా వాడి కొడుకు, ఫలానా వాడి అల్లుడు, అరబ్బీలో వరసగా పేర్లు. ఆ పేర్లవాళ్ళు వేరే చోటికి పోవడానికి లేదు. అందమైన చేతిరాత, పక్కనే గ్రీకు అక్షరాల్లో అవే పేర్లు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, అందులో మన తాత పేరు లేకపోతే.

రాతిబండ
అదే నేనంది. నాలుగు లైన్లలో చెప్పా, మీరు నలభైలో చెప్పారు.

కొండపల్లి_బొమ్మ
నాలుగు కాదు, రెండు లైన్లు. అందులో ఒకటి "దారం మూసేయొచ్చు".

మాగాణి_రంగడు
ఇబ్న్ జుబైర్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? స్పెయిన్ ముస్లిం యాత్రికుడు. హజ్ చేసి తిరిగొస్తుంటే 1184 డిసెంబరులో సిసిలీ మెస్సీనా దగ్గర ఓడ బద్దలైంది. ఒడ్డున పడ్డాక ఆ దీవిలో నెలల తరబడి ఉండి, చూసిందంతా రాసుకున్నాడు. విలియం రాజు అరబ్బీ చదువుతాడు, రాస్తాడు. వంటశాల మీద అధికారి కూడా ముస్లిమే. పలెర్మోలో క్రిస్మస్ నాడు క్రైస్తవ ఆడవాళ్ళు ముస్లిం స్త్రీల్లా ముసుగులేసుకుని, గోరింటాకు పెట్టుకుని, పట్టుబట్టల్లో చర్చికి వెళ్తుంటే చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది భూకంపం కథ. భూమి కదిలినప్పుడు రాజు కంగారుగా అంతఃపురంలో తిరుగుతుంటే, దాసీలూ నౌకర్లూ అల్లానీ ప్రవక్తనీ తలుచుకోవడం వినబడిందట. రాజుని చూసి హడలిపోయారు. ఆయన "ఎవరు కొలిచే దేవుణ్ణి వాళ్ళు తలుచుకోండి" అన్నాడట. ఇదీ సహనం కాదంటారా?

రాతిబండ
హడలిపోయారు అని మీరే రాశారు. ఎందుకు హడలిపోయారో కూడా రాయండి.

పాత_కాగితం
రాతిబండ గారు ఈసారి మంచి చోట పట్టారు. ఆ నౌకర్లంతా పైకి క్రైస్తవులు. బాప్తిస్మం తీసుకున్న పేర్లు, లోపల ఇస్లాం. మెస్సీనాలో అలాంటి ఒక పెద్ద కొలువు మనిషి ఇబ్న్ జుబైర్‌ని చాటుగా పిలిపించుకుని, మీరు మీ మతాన్ని బాహాటంగా చెప్పుకోగలరు, మేం దాచుకోవాలి అన్న అర్థంలో వాపోయాడు. దాచుకోకపోతే ఏమవుతుందో వాళ్ళు కళ్ళారా చూశారు. మహ్దియా ఫిలిప్ అని, రోజర్ నౌకాదళం నడిపి ఆఫ్రికా తీరంలో బోన పట్టణం గెలిచిపెట్టినవాడు. చాటుగా ముస్లిం అన్న నేరం మీద 1153లో వాణ్ణి తగలబెట్టించాడు ఇదే రోజర్, అరబ్బీ కప్పు వేయించిన రోజర్.

చార్మినార్_చాయ్
అబ్బ. కప్పు మీద తాగుడు బొమ్మలేసుకుంటే తప్పు లేదు గానీ లోపల నమాజు చదివితే తప్పా!

తోకచుక్క
ఇబ్న్ జుబైర్‌లోదే ఇంకోటి. త్రాపని రేవులో ఒక ముస్లిం పెద్దమనిషి తన కూతుర్ని యాత్రికుల్లో ఒకరికి ఇచ్చి పంపేయడానికి సిద్ధపడ్డాడు. పెళ్ళి చేసుకుంటావో, మీవాళ్ళలో ఎవరికైనా చేస్తావో, ముందు ఇక్కణ్ణించి తీసుకుపో అన్నాడు. ఆ పిల్ల కూడా ఒప్పుకుంది. నాకు ఇద్దరు ఆడపిల్లలు. క్రిస్మస్ గోరింటాకు కథ కంటే నాకు ఇదే గుర్తుండిపోయింది.

నల్లరేగడి
ఆ పెద్దమనిషి బీదోడేం కాదు గదా?

తోకచుక్క
కాదు. ఉన్నవాళ్ళే. అందుకే ఆ మాట ఇంకా బరువు.

నూర్‌బాషా_కర్నూలు
నాకు ఒక అనుమానం ఉండాది. ముస్లిమేతర రాజు ఖాజీని పెడితే ఆ ఖాజీ తీర్పు చెల్లుతాదా? మా ఇంట్లో పెద్దోళ్ళు ఇట్లాంటివి గంటలు గంటలు మాట్లాడేటోళ్ళు. ఆ కాలంలో వాళ్ళకీ వచ్చుండాలి గదా ఈ ప్రశ్న.

పాత_కాగితం
వచ్చింది, అచ్చం ఇలాగే. 1141లో పోయిన అల్-మాజరీ అనే పెద్ద పండితుణ్ణి అడిగారు. పేరులోనే ఉంది, ఆయన మూలం సిసిలీలోని మజారా, ఉండింది ఆఫ్రికా తీరం మహ్దియాలో. సిసిలీ ఖాజీ పంపే పత్రాలు ఒప్పుకోవాలా అని ప్రశ్న. ఒప్పుకోవాలన్నాడు. అక్కడ ఉన్నవాళ్ళు గతిలేక ఉన్నారో, మరే మంచి ఉద్దేశంతో ఉన్నారో, మంచిగానే అనుకోవాలి. జనానికి న్యాయం చెప్పేవాడు కావాలి. రాజు ఎవరైనా ఖాజీ మంచివాడైతే తీర్పు చెల్లుతుంది. ఇదీ సారాంశం.

ఇది ఒక పక్క. మూడున్నర శతాబ్దాల తర్వాత మొరాకోలోని ఫెజ్‌లో అల్-వన్షరీసీ అనే పండితుడు దీనికి పూర్తి ఎదురు చెప్పాడు, 1491లో. అక్కడుండటమే తప్పు, వచ్చేయాల్సిందే, క్రైస్తవ పాలన ఎంత న్యాయంగా ఉన్నా సరే అన్నాడు.

నూర్‌బాషా_కర్నూలు
ఫెజ్‌లో కూర్చుని చెప్పేది సులువే. వచ్చేసినోళ్ళకి ఇల్లు, పొలం ఆయనేమన్నా ఇచ్చినాడా?

పాత_కాగితం
సరిగ్గా ఆ గొడవ మీదే ఆ ఫత్వా పుట్టింది. స్పెయిన్ వదిలి మొరాకో వచ్చినవాళ్ళు బతుకుతెరువు దొరక్క, వచ్చి తప్పు చేశాం, అక్కడే నయం అని గొణుక్కుంటున్నారని ఆయనకి చెప్పారు. దానికి జవాబు అది.

కొండపల్లి_బొమ్మ
సిసిలీ దగ్గరే ఆగిపోతున్నారు, అసలు కథంతా స్పెయిన్‌లో ఉంది. నేను మూడేళ్ళు వలెన్సియాలో చదువుకున్నా కాబట్టి కొంచెం ఊపిరి పీల్చుకుని రాస్తా.

క్రైస్తవ రాజుల కింద ఉండిపోయిన ముస్లిముల్ని ముదేహర్లు అంటారు. అరబ్బీలో ముదజ్జన్ నుంచి వచ్చిన మాట. అర్థం "మచ్చికైనవాడు", పెంపుడు పశువుకి వాడే మాట. అటు పారిపోయినవాళ్ళు ఇటు ఉండిపోయినవాళ్ళని అన్న మాట, ముద్దుపేరేం కాదు.

ఒక్కో ఊరు ఒక్కో ఒప్పందం. తొలేదో 1085లో, సరగోస్సా 1118లో, కోర్దోబా 1236లో, వలెన్సియా 1238లో, సెవిల్యా 1248లో పడ్డాయి. లొంగిపోతే ఒక రకం, ఎదిరిస్తే ఇంకో రకం. షివెర్త్ అనే కోట ఊరు 1234లో టెంప్లర్ సైనిక సన్యాసులకి లొంగినప్పటి పత్రం ఇప్పటికీ ఉంది. మసీదు వాళ్ళదే, నమాజు వాళ్ళదే, తగవులు వాళ్ళ ఖాజీ దగ్గరే. తుదేలాలో మాత్రం ఏడాది గడువిచ్చి గోడల బయటికి ఇళ్ళు మార్చుకోమన్నారు. ఊళ్ళో ఇళ్ళు వచ్చినవాళ్ళకి, వీళ్ళకి బయట వాడ. మొరెరియా అంటారు ఆ వాడని.

తొలేదోలో పెద్ద మసీదు మీకే ఉంచుతా అని ఆరో అల్ఫోన్సో మాటిచ్చాడు. ఆయన ఊళ్ళో లేనప్పుడు రాణి, ఆర్చిబిషప్ కలిసి దాన్ని చర్చి చేసేశారని కథ. రాజు మండిపడ్డాడట గానీ మసీదు మాత్రం తిరిగి రాలేదు.

నల్లరేగడి
ఊరి బయట వాడ. ఈ మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టిన. ప్రపంచంలో ఎక్కడికి పోయినా ఊరికి బయట అనేది ఒకటి ఉంటదేమో.

మాగాణి_రంగడు
వలెన్సియా అన్నారు కదా బొమ్మగారూ, అక్కడి కాలవల సంగతి చెప్పండి. మాది డెల్టా, కాలవ అంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

కొండపల్లి_బొమ్మ
చెప్తా చెప్తా. వలెన్సియా చుట్టూ తోటభూమి మొత్తం ముస్లిముల కాలం కాలవల మీద బతుకుతోంది. కాలవకి వాళ్ళ మాట అసేకియా, అరబ్బీ అస్-సాకియా. మొదటి జైమె రాజు ఊరు గెలిచాక కాలవలు జనానికి ఇస్తూ, సారాసెన్ల (ముస్లిముల) కాలంలో ఎలా వాడుకునేవారో అలాగే వాడుకోండి అని రాయించాడు. నీటి తగవుల పంచాయతీ ఇవాళ్టికీ గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి కేథడ్రల్ గుమ్మం ముందు కూర్చుంటుంది. నోటిమాట మీదే విచారణ, కాగితం లేదు. నల్ల అంగీలు వేసుకుని గుండ్రంగా కూర్చుంటారు. నేను వెళ్ళిన రోజున తగవులేమీ లేవు, రెండు నిమిషాల్లో లేచిపోయారు. దీని మూలం ముస్లిం కాలానిదని ఊళ్ళో అందరూ అంటారు.

మాగాణి_రంగడు
మా కాలవ మీద ఉండే లస్కరు కూడా బయట నుంచి వచ్చిన మాటే కదా, పారసీ లష్కర్. వంతు తప్పి నీళ్ళు పెట్టుకున్నందుకు మా బాబాయ్ లస్కరుతో చేసిన తగవు ఆ గుమ్మం ముందు పెట్టి ఉంటే పన్నెండింటికి మొదలై సాయంత్రమయ్యేది.

రాతిబండ
కాలవలు ఉంచుకున్నారు, మనుషుల్ని ఏం చేశారో చెప్పండి.

కొండపల్లి_బొమ్మ
ఉంచుకున్నారండీ. వలెన్సియా రాజ్యంలో గెలిచిన తర్వాత తరాల పాటు ముస్లిములే ఎక్కువ మంది. ఉత్తరం నుంచి వచ్చి సేద్యం చేసే క్రైస్తవులు చాలలేదు. జమీందార్లు ముస్లిం రైతుల కోసం పోటీపడ్డారు. "మూరు ఉన్నవాడికి బంగారం ఉన్నట్టే" అని స్పానిష్ సామెత. మూరు అంటే ముస్లిం. సామెతలో ప్రేముందో లెక్క ఉందో మీరే చూసుకోండి. అలాగని నోరు మూసుకుని పడున్నారనీ కాదు. అల్-అజ్రక్ అనే నాయకుడు 1247 నుంచి పదేళ్ళు జైమెని నిద్రపోనివ్వలేదు. 1264లో అటు ముర్సియా, అందలూసియాల్లోనూ తిరగబడ్డారు. తిరుగుబాటు అణిగిన చోటల్లా ఒప్పందం ఇంకో మెట్టు దిగింది.

చర్చి పెద్దలు వేరే దారి. 1215లో లాటరన్ సభ ముస్లిములూ యూదులూ వేరే దుస్తులు వేసుకోవాలంది. 1311లో మొదలైన వియెన్ సభ, క్రైస్తవ రాజ్యాల్లో అజాన్ బహిరంగంగా వినపడకూడదంది. రాజులు కొన్నిచోట్ల అమలు చేశారు, కొన్నిచోట్ల జమీందారు అడ్డం పడితే వదిలేశారు. అజాన్‌కి బదులు కొమ్ము ఊదిన ఊళ్ళున్నాయి.

చార్మినార్_చాయ్
అక్కా, అంతా ఒక వరసలో చెప్తే మంచిగుంటది గానీ రాజు ఎవరు, పోప్ ఎవరు, జమీందార్ ఎవరు అని నాకు బుర్ర తిరుగుతుంది. ఫోటోలు?

కొండపల్లి_బొమ్మ
తమ్ముడూ, మూడు ముక్కల్లో విను. రాజుకి పన్ను కావాలి. జమీందారుకి పంట కావాలి. పోప్‌కి దూరం కావాలి. ఎవరి మాట నెగ్గితే ఆ ఏడు బతుకు అలా ఉంటుంది.

సెవిల్యా వెళ్తే మాత్రం కోట చూడు. క్రైస్తవ రాజు మొదటి పేద్రో 1360ల్లో కట్టించుకున్నాడు, గోడల మీద "అల్లా తప్ప విజేత లేడు" అని గ్రనాడా సుల్తానుల నినాదం. పనివాళ్ళు అక్కణ్ణించి కూడా వచ్చారు.

గోదారి_గట్టు
ఇంత వస్తుందనుకోలేదు. ఫోటోలు తీశాను, మెడ విరిగేలా తీశాను, అన్నీ మసకగా వచ్చాయి. చాయ్ తమ్ముడూ క్షమించు. పలెర్మోలో ఈ ముస్లిములు తర్వాత ఏమయ్యారు? ఇప్పుడు ఊళ్ళో ఆ కాలం మసీదు ఒక్కటీ కనపడలేదు.

పాత_కాగితం
1189లో విలియం పోయాక గొడవలు. అంతకుముందే 1161లో పలెర్మోలోనూ, తూర్పున ఉత్తర ఇటలీ నుంచి వచ్చిన లొంబార్డ్ వలసదారుల చేతిలోనూ ఊచకోతలు జరిగాయి. విలియం తర్వాత ముస్లిములు పడమటి కొండలెక్కి తిరగబడ్డారు. ఇబ్న్ అబ్బాద్ అనే ఆయన సొంత నాణాలు కూడా వేయించాడు.

అప్పుడొచ్చాడు రెండో ఫ్రెడరిక్, రోజర్ మనవడు. ఈయన గురించి చదివితే మనిషి చేతికి చిక్కడు. అరబ్బీ వచ్చు, అరబ్ పండితులకి గణితం, తత్వం మీద ప్రశ్నలు పంపేవాడు. 1229లో యుద్ధం చేయకుండా సుల్తానుతో బేరమాడి జెరూసలేం సంపాదించాడు. ఆ రాత్రి ఆయన మీద గౌరవంతో నబ్లుస్ ఖాజీ అజాన్ ఆపించాడట. పొద్దున్నే ఫ్రెడరిక్ "ఎందుకు ఆపారు, నేను రాత్రి ఇక్కడ ఉండిందే ఆ పిలుపు విందామని" అన్నాడని అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ వాసిల్ రాశాడు.

ఇదే మనిషి, జెరూసలేం వెళ్ళకముందే, 1220ల్లో మొదలుపెట్టి 1246 దాకా సిసిలీ ముస్లిముల్ని మూటాముల్లె సర్దించి ఇటలీ లోపల లుచేరా అనే ఊరికి తోలించాడు. పదిహేను ఇరవై వేలమంది అని చరిత్రకారుల అంచనా. సముద్రం దాటి ఆఫ్రికా నుంచి సాయం అందకుండా, చుట్టూ క్రైస్తవ దేశం. అక్కడ మసీదులిచ్చాడు, పొలాలిచ్చాడు, ఖాజీని ఉండనిచ్చాడు. వాళ్ళలోంచి విలుకాళ్ళని తన సైన్యంలో పెట్టుకున్నాడు. పోప్ వెలివేస్తానంటే భయపడని సైన్యం ఫ్రెడరిక్‌కి కావాలి. పోప్ శాపం ముస్లిం విలుకాడికేం తగులుతుంది?

లెక్కల_మాస్టారు
ఇది చదువుతుంటే విజయనగరం రెండో దేవరాయలు గుర్తొచ్చాడు. ముస్లిం విలుకాళ్ళని చేర్చుకుని, వాళ్ళు సలాం చేయడానికి వీలుగా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడని ఫెరిస్తా అనే చరిత్రకారుడు రాశాడు. రాజులందరూ ఒకే బళ్ళో చదివారా ఏంటి?

రాతిబండ
మాస్టారూ, దేవరాయలు ఎవర్నీ ఊళ్ళకి ఊళ్ళు తోలించలేదు. పోలిక పెట్టేటప్పుడు కాస్త చూసుకోండి. ఆ మాటకొస్తే ఇవాళ మన

వేదిక_కాపరి
రాతిబండ గారి పోస్టులో చివరి భాగం తీసేశాం. మధ్యయుగం దగ్గరే ఉండండి. ఇవాళ్టి రాజకీయాలకి పక్కన వేరే గది ఉంది, అక్కడ ఎటూ ఎవరూ ఎవరి మాటా వినరు.

చార్మినార్_చాయ్
కాపరి సారు కొట్టిన దెబ్బ చూసినవా!

రాతిబండ
సరే. లుచేరా ఏమైందో చెప్పండి. నేను చెప్పనవసరం లేకుండా అదే చెప్తుంది.

పాత_కాగితం
1300 ఆగస్టు. అప్పటికి రాజ్యం ఫ్రెడరిక్ వంశం చేతిలో లేదు, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆంజూ వంశానిది. రెండో చార్లెస్‌కి అప్పులు మెడదాకా ఉన్నాయి, భక్తి కూడా ఉంది. ఊరు చుట్టుముట్టించి జనాన్ని పట్టుకుని వేలకి వేలు బానిసలుగా అమ్మించాడు. ఆస్తులు ఖజానాకి. ఊరి పేరు మార్చి మేరీమాత పట్నం అన్నాడు, కేథడ్రల్ కట్టించాడు. మజా ఏమిటంటే, ఆ కొత్త పేరు నిలవలేదు. ఇవాళ కూడా లుచేరాయే.

ఆ ఊరి ముస్లిములు తిరగబడి కాదు, ఆంజూ రాజులకి కూడా సైనికుల్ని ఇస్తూనే ఉన్నారు. వాళ్ళ విల్లు కంటే వాళ్ళ వెల ఎక్కువ పలికే రోజొచ్చింది, అంతే.

తోకచుక్క
"విల్లు కంటే వెల". పాత కాగితం గారూ, ఇలాంటివి రాసి మమ్మల్ని నిద్ర పోనివ్వరు మీరు.

అడ్డరోడ్డు
ఇంతసేపూ చదువుతున్నా, నేనూ ఒకటి పడేస్తా. హంగరీ. అక్కడ కూడా 11, 12 శతాబ్దాల్లో ముస్లిములుండేవారు, వ్యాపారులు, టంకశాల పనివాళ్ళు, సైనికులు. కాల్మాన్ రాజు చట్టం చూడండి: ముస్లిం ఊరికి చర్చి కట్టాలి, కూతుర్ని తమవాళ్ళకి కాక క్రైస్తవుడికివ్వాలి, ఇంటికి అతిథి వస్తే పంది మాంసమే పెట్టి తామూ అదే తినాలి. 1222 బంగారు ముద్ర శాసనంలో వాళ్ళకి టంకశాల, పన్నుల కొలువులు ఇవ్వకూడదన్నారు. ఆ కాలంలోనే యాకూత్ అనే భూగోళ పండితుడికి అలెప్పోలో హంగరీ ముస్లిం కుర్రాళ్ళు కనపడ్డారు, చదువుకోడానికి వచ్చారట. అంత దూరం!

చార్మినార్_చాయ్
అతిథి వస్తే పంది మాంసం. అంటే చుట్టాలు రావుడు బంద్ అయ్యుంటది.

మాగాణి_రంగడు
నేను సహనం వైపు మాట్లాడి ఒంటరినైపోయా. ఒక్కటి చెప్పి ఊరుకుంటా. ఇదే ఇబ్న్ జుబైర్ పాలస్తీనాలో తిబ్నీన్ నుంచి అక్కా రేవుకి వెళ్తూ, ఫ్రాంకుల (క్రూసేడుల్లో వచ్చిన యూరప్ క్రైస్తవుల) కింద ఉన్న ముస్లిం రైతుల్ని చూశాడు. కోతప్పుడు సగం పంట, తలకి ఒక దీనారు ఐదు ఖీరాతులు, అంతకుమించి పెద్దగా పీడన లేదు, ఇళ్ళు వాళ్ళవే అని రాశాడు. పక్కనే ముస్లిం జాగీర్లలో ఉన్నవాళ్ళు వీళ్ళని చూసి మనసు మార్చుకుంటున్నారని బాధపడ్డాడు కూడా. శత్రువుని పొగడాలని ఆయనకేం లేదు కదా.

పాత_కాగితం
లేదు, అది నిజంగా విలువైన సాక్ష్యం. దాని పక్కన నబ్లుస్ దగ్గరి ఊళ్ళ సంగతి కూడా పెట్టుకోండి. అక్కడి ప్రభువు తలకి ఒకటి బదులు నాలుగు దీనార్లు గుంజాడని, కాళ్ళు నరికించాడని అక్కడి ముస్లిం పండితుల ఇల్లు, ఇబ్న్ ఖుదామా కుటుంబం చెప్పుకుంది. 1150ల్లో ఆ కుటుంబం చాటుగా దమాస్కస్ వెళ్ళిపోయింది. వాళ్ళ వెనక మరెందరో. కొద్ది రోజుల నడక దూరంలో రెండు రకాల బతుకులు, ప్రభువు ఎవరన్నదాన్ని బట్టి.

గోదారి గట్టు గారి మొదటి ప్రశ్నకి నా లెక్కలో గైడమ్మా తప్పే, ఆ పెద్దాయనా తప్పే. పని చేయించుకున్నారు, నిజం. "అంతే" అన్నాడు చూడండి, ఆ మాట దగ్గరే పేచీ. ఖాజీ కొలువు, కొమ్ము ఊది పిలిచిన నమాజు, పిల్లకి నేర్పిన దువా, ఇవన్నీ రాజు ఇచ్చినవి కావు. వాళ్ళు నిలబెట్టుకున్నవి.

నూర్‌బాషా_కర్నూలు
గ్రనాడా సంగతి నేనే చెప్తా, స్పెయిన్‌లో చివరి ముస్లిం రాజ్యం అది, దాని గురించి కొంచెం చదివినా. 1491 నవంబరులో ఒప్పందం రాసినారు, మతం జోలికి రామని. 1492 జనవరి 2న క్రైస్తవ రాజులకి ఊరి తాళాలు ఇచ్చినారు. ఎనిమిదేళ్ళు తిరక్కముందే, 1499లో, సిస్నెరోస్ ఆర్చిబిషప్ వచ్చి బలవంతంగా బాప్తిస్మాలు మొదలుపెట్టినాడు. 1502లో కాస్తీల్ రాజ్యమంతా బాప్తిస్మమో వలసో తేల్చుకోమన్నారు. వలెన్సియా, అరగాన్‌లకి 1526 నాటికి అదే గతి. మారినోళ్ళని కూడా నమ్మక 1609 నుంచి 1614 లోపల దాదాపు మూడు లక్షల మందిని ఓడలెక్కించినారు.

నాకు పట్టుకున్నది ఇది కాదు. చాలామందికి అప్పటికే అరబ్బీ పోయింది. ఇంట్లో స్పానిష్షే. అందుకని స్పానిష్‌నే అరబ్బీ అక్షరాల్లో రాసుకున్నారు, అల్హమియాదో అంటారు. 1462లోనే సెగోవియా ముఫ్తీ ఈసా, మావాళ్ళకి అరబ్బీ రాదు అని ధర్మశాస్త్రం స్పానిష్‌లో రాసినాడు. ఇళ్ళు పడగొడుతుంటే ఆ పుస్తకాలు దొంగ గోడల్లో, అటకల మీద దొరికినాయంట.

మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా నానమ్మకి అరబ్బీ చదవను రాదు, దువాలన్నీ తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకునింది. వాళ్ళది భాష స్పానిష్, అక్షరం అరబ్బీ. మాది తిరకాసు, మాట అరబ్బీ, అక్షరం తెలుగు.

తోకచుక్క
ఆ నోటుబుక్కు ఉందా ఇంకా?

నూర్‌బాషా_కర్నూలు
ఉండాల. చిన్నాయన ఇంట్లో అటక మీద వెతకాల.

గోదారి_గట్టు
ఇవాళ రాత్రి రోముకి తిరుగు ప్రయాణం. వెళ్ళేలోపు జీసా అనే రాజుగారి తోటమేడకి వెళ్ళొచ్చా, అల్-అజీజా అన్న మాట అలా అరిగిందట. లోపల ఒక సమాధి రాయి ఉంది. అన్నా అనే ఆవిడది, కొడుకు క్రైస్తవ పూజారి, 1149 నాటిది. లాటిన్, గ్రీకు, అరబ్బీ, ఇంకా హీబ్రూ అక్షరాల్లో రాసిన అరబ్బీ. ఒక్కో భాషలో ఒక్కో పంచాంగం ప్రకారం తేదీ. తల్లికి నాలుగుసార్లు చెప్పుకున్నాడు.

చాయ్ తమ్ముడూ, ఈ రాయి ఫోటో స్పష్టంగా వచ్చింది. పెడుతున్నా. మా గుంపు పెద్దాయనకి కూడా చూపించా. "అదొక్క కుటుంబం" అన్నాడు.

చార్మినార్_చాయ్
వచ్చింది వచ్చింది! అన్నా, కింద ఎడమ పక్క నీ బొటనవేలు కూడా వచ్చింది.

రాతిబండ
రాయి బాగుంది.

కొండపల్లి_బొమ్మ
రాతిబండ గారికి రాయి నచ్చింది, దారం ఇప్పుడు మూసేయొచ్చు.

నూర్‌బాషా_కర్నూలు
ఆగండి, మూయొద్దు. చిన్నాయన ఇంటికి పోయొచ్చినా. నోటుబుక్కు దొరికింది. అట్ట చెదలు తినింది, లోపల బాగుండాది. ఆయతుల్ కుర్సీ మొత్తం తెలుగులో, సున్నాలు పెద్దపెద్దగా. ప్రయాణం పోయేటప్పుడు చదివే దువా రెండుసార్లు రాసింది, ఎందుకో. చివరి నాలుగు పేజీలు పాల లెక్క. ఒక నెల రెండు లీటర్లు తక్కువొచ్చినట్టు పక్కన గీత కొట్టి ఉండాది.